రేణుక నేర్చిన మూడు నెలల ఇంగ్లీషు

"అమ్మమ్మా, ఇంగ్లీషుల పెద్ద పెద్ద మాటలు జల్ది రావాల్నంటె ఏం జెయ్యాలె? నువ్వు ముప్పై ఏండ్లు టీచర్ పని చేసినవ్ గద, జర చెప్పు."

ముప్పై గాదు, ముప్పై రెండు. రెండేండ్లు ఎవ్వరికీ ఊకె ఇయ్యను. ముందుగాల ఆ ఫోను పక్కకు పెట్టు. పెట్టినవా? ఇంకేంది సప్పుడు జేస్తున్నది? ఇరవై మాటలు అయినయని సప్పట్లు కొడ్తున్నదా? మంచిగుంది. మేం బడిల పిల్లలకు ఏడాదికొక్కసారి, అది గూడ ఆగస్టు పదిహేను నాడు, సప్పట్లు కొట్టిస్తుంటిమి. మీకు పొద్దుకు ఇరవైసార్లు. సరె, ఆ ఇరవైల ఒకటి చెప్పు. ఊఁ... అర్థమేంది? మంచిగున్నది అనా. ఇంకోటి? అది గూడ మంచిగున్నది అనేనా. మూడోది? చూసినవా బిడ్డా, ఇరవై డబ్బాలు కొనుక్కొచ్చి అన్నిట్ల ఉప్పే పోసినవ్. మల్ల పప్పు ఏడ పోస్తవ్?

మూతి ముడువకు. నవ్వుతున్న గని నిన్ను చూసి గాదు. నాకు మా రేణుక యాదికొచ్చింది. నువ్వు చూసినవ్ లే, గద్వాలల మన ఇంటెనక గల్లీల ఉంటది, మగ్గం నేసే ఆంజనేయులు బిడ్డ. సన్నగ, రెండు జడలు... అయ్యో, రెండు జడలు బడికొచ్చేటప్పుడు. ఇప్పుడు బీకాం అయిపోయింది, ఒక్క జడనే. ఆరు నుంచి పది దాంక నా చేతి కిందనే చదివింది. నౌకరి దొరుకలె. ఇంటికాడ నాయనతోని మగ్గం మీద కూసుంటది. మన గద్వాల చీర ఒక్కరితోని అయ్యేది గాదు, నీకెర్కనే గద? నడుమంత నూలు, అంచులు పట్టు. నడుమకొక నాడె, అటంచుకొకటి, ఇటంచుకొకటి. నాడె అంటె పోగును అటు ఇటు తీసుకపోయేది, చిన్న పడవ లెక్క ఉంటది. మూడు నాడెలు, మనుషులు ఇద్దరు. నూలు పోగు, పట్టు పోగు ఎదురొచ్చిన కాడ ఒకదాన్నొకటి పట్టుకోని తిరుగుతయి. గా కలుపుల్నే ఉంటది పనితనమంత. చేత్తోని తడిమినా అతుకు తగులొద్దు.

ఆంజనేయులు మంచి పనిమంతుడు. గని ఏం లాభం? సావుకారి పట్టు ఇస్తడు, ఈయన నేసిస్తడు, కూలి తీస్కుంటడు. చీర మీద పేరు సావుకారిది. తన పట్టు తనే తెచ్చుకోని, తన చీర తనే అమ్ముకోవాల్నని ఆయనకు పదేండ్ల సంది ఆశ. గట్లుంటె పోయినేడు ఒకనాడు రేణుక ఉరుక్కుంట ఒచ్చింది. "టీచరమ్మా, బెంగళూరు నుంచి ఒక మేడం ఒస్తదంట! చీరల దుకాణమంట! నడుమ ఎవ్వరు లేకుండ సీదా నేసెటోళ్ల దగ్గరనే కొంటదంట!" అని ఫోను చూపించింది. మూడు నెలలైనంక ఒస్తమని మంచి ఇంగ్లీషుల రాసుండె. అది మేడం రాయలే, కాలేజీల చదివే కొడుకు రాసిండని తర్వాత తెల్సింది. గని ముందుగాల ఎవలకు తెల్సు? ఇంగ్లీషుల జాబొచ్చింది, బెంగళూరు, కారు, దుకాణం. ఇగ మనోళ్లకు వేరే సాక్ష్యం గావాల్నా? ఆ మేడం పొద్దున లేస్తె ఇంగ్లీషుల్నే ఆవలిస్తదని అందరం ఖాయం చేసుకున్నం.

అందరం అంటున్న. నేను గూడ.

గప్పుడే పాత బస్టాండు దిక్కు, సెల్‌ఫోన్ల దుకాణం మీద ఒక కోచింగు తెరిచిండ్రు. అడ్వాన్స్‌డ్ వొకాబులరీ అంట, తొంభై దినాలంట. సారు టై గట్టుకోని ఉంటడు, మన ఎండలకు! ముందుగాల కొత్తకోటల హైవే మీద టైర్ల దుకాణంల ఉండెనంట. టైర్లమ్ముడు తప్పు గాదు. తప్పని నేననలే. టైరు దుకాణంలనన్న గాలి ఎంత కొట్టిండ్రో చూసెటందుకు మీటరుంటది. ఈడ అది గూడ లేదు.

రేణుక చేరింది. పొద్దుకు యాభై మాటలు. పొద్దంత నాడె ఇసురుకుంట పెదువులు కదిలిస్తుండేది. ఆంజనేయులు ఒచ్చి, "టీచరమ్మా, పిల్ల ఏమో జపం జేస్తున్నది, దయ్యం గియ్యం గాదు గద" అన్నడు. కాదయ్యా, ఇంగ్లీషని చెప్పిన. "అయితె సరే, ఏ దేవుడైతేంది" అనుకుంట పోయిండు.

మల్ల సారేం జేసిండు, మేడం ముందల చదువనీకె ఒక కాయితం రాసిచ్చిండు. నాకు తెచ్చి చూపించింది. చూస్తె చీర ఎక్స్‌క్విజిట్ అంట. అంచు రిస్‌ప్లెండెంట్ అంట. కొంగు ఒప్యులెంట్ అంట. మొత్తం మీద ఈథీరియల్ అంట. నడుమల "ప్రాచీన సంస్కృతికి పరాకాష్ఠ" అన్న తీర్గ ఒక పెద్ద వాక్యం, దాన్ని ముగించెటాల్లకు దమ్ము ఒడుస్తది. చీర అన్న మాట తీసేసి ఆడ ట్రాక్టరు అని పెట్టినా ఏం ఫరక్ పడది. గంత బాగ రాసిండు సారు.

ఆ మాట నేను ఆనాడే చెప్పాలె. చెప్పలే. ఏం జేసిన్నో తెల్సా? పెన్ను దీసి ఏ అక్షరం మీద నొక్కి పలుకాల్నో గీత గీసి ఇచ్చిన. రోజు సాయంత్రం కూసుండవెట్టి పలికించిన. టీచర్లకు ఉంటది బిడ్డా గిదొక రోగం. దవాఖానల మందు దొరుకది. తప్పు దారైనా సరే, పిల్ల వరుసల నడిస్తె సాలు, మాకు కడుపు నిండుతది.

నేను గూడ ఏమన్న తక్కువ దాన్నా? పాన్‌గల్‌ల నౌకరి కొత్తగ ఒచ్చినప్పుడు డిక్షనరీ కొన్న. నలభై రూపాయలు. గప్పుడు నలభై రూపాయలకు మంచి నూలు చీర ఒచ్చేది, మా అమ్మ వారం దినాలు తిట్టింది. మీ తాతకు అప్పుడు రాయిచూరుల పని. కొత్తగ పెండ్లైంది గద, నాకు ఇంగ్లీషుల జాబు రాసిండు. ఆయన దగ్గర గూడ డిక్షనరీ ఉన్నదని నాకేం తెల్సు? నేను నా డిక్షనరీ తీసి ఇంక పెద్ద మాటలతోని జవాబు రాసిన. గట్ల ఆర్నెల్లు. ఆయనేమడిగిండో నాకు తెల్వదు, నేనేం చెప్పిన్నో ఆయనకు తెల్వదు. ఒకసారి నాకు చలిజరమొచ్చిందని రాస్తె ఆయన శుభాకాంక్షలు పంపిండు. ఇంకేమంటవ్! సంసారమైతె మంచిగనే నడిచింది. అది ఇంగ్లీషు గొప్పతనం గాదు, మీ తాత ఓపిక.

ఏడున్న నేను? ఆఁ, మేడం ఒచ్చే దినం.

శనివారం, పదకొండు గొట్టంగ కారొచ్చింది. ఆంజనేయులు ఇల్లంత అలికిచ్చిండు, మగ్గం కాడ కొత్త బల్బు బెట్టిండు. నన్ను గూడ కూసుండమన్నరు, పెద్దదిక్కు అని. సారు రేణుకకు ముందే చెప్పిపెట్టిండంట: క్లయింటు ముందల ఇంగ్లీషు తప్ప వేరే మాట నోట్లె నుంచి ఒస్తె విలువ పోతది అని. అందుకని పిల్ల నాయనకు గట్టిగ చెప్పింది. "నాయనా, నువ్వు నోరు తెరవకు, దండం పెట్టి కూసో." ముప్పై ఏండ్ల సంది మగ్గం నేసినోన్ని మగ్గం ముందల మూగోన్ని జేసి కూసోబెట్టిండ్రు.

నేను గడప కాడ నిలబడ్డ. మేడం దిగింది. యాభై ఏండ్లుంటయి, తెల్ల చీర, చేతుల పర్సు. దిగంగనే డ్రైవరు దిక్కు తిరిగి, "స్వల్ప నీరు కొడప్పా" అన్నది. జర నీళ్లియ్యి నాయనా అని. అచ్చం మా మేనత్త అన్నట్లు! రాయిచూరు దిక్కు యాస. మా అమ్మగారిల్లు ఆడిదే గద, నాకు తెల్వదా?

ఇప్పుడు జాగ్రత్తగ ఇను. నాకు అప్పుడే తెల్సిపోయింది. ఆమెది కన్నడం. మనకు గంటన్నర దూరంల మాట్లాడే మాట. నాకొస్తది, ఆంజనేయులు సంత కోసం రాయిచూరుకు పొయ్యి పొయ్యి ఆయనకూ ఒస్తది. "బన్ని అమ్మా", రండమ్మా అని ఒక్క మాటంటె సాలు, కత అక్కడికే తేలిపోతుండె.

అనలే. ఎందుకనలే? ఎనక రేణుక కాయితం పట్టుకోని నిలబడ్డది. నేను గీతలు గీసి, రోజు పలికించిన పాఠం. ఒక్కసారి ఒప్పజెప్పనీ, మల్ల చూద్దమనుకున్న. పిల్ల కోసమని మనసుకు చెప్పుకున్న గని, పిల్ల కోసం గాదు. నా పాఠం నేను ఇనాల్నని.

ఒప్పజెప్పింది. ఒక్క తప్పు పోలే! ఎక్స్‌క్విజిట్ కాడ నొక్కాల్సిన కాడ నొక్కింది. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మేడం "ఎస్, ఎస్" అన్నది. రిస్‌ప్లెండెంట్ అంటె "ఎస్". ఈథీరియల్ అంటె "వెరీ ఎస్". ఆమె ముఖం చూస్తె, ముందటి బెంచీల కూసున్న పిల్ల ఉంటది చూడు, తెల్వకున్నా తలకాయ ఊపేది, అచ్చం గట్ల. ఆమె ఊపుతున్నది కాబట్టి ఈమె ఇంక చదివింది. ఈమె చదువుతున్నది కాబట్టి ఆమె ఇంక ఊపింది.

నడుమల మేడం చీర చేతులకు తీస్కోని, నూలు పట్టు కలిసే కాడ వేలు పెట్టి, "దిస్... హౌ?" అన్నది. ఒచ్చిన సంది అడిగిన అసలు మాట గదొక్కటే. రేణుక నోరు తెరిచింది. ఏమొస్తది? మంచిగున్నది అనెటందుకు యాభై మాటలున్నయి. పోగుకు లేదు, కలుపుడుకు లేదు, తిప్పుడుకు లేదు. సారు నేర్పియ్యలే, అవి చిన్న మాటలాయె! పరేషానై కాయితంల తర్వాతి గీత చదివేసింది. ఆంజనేయులు ఉండబట్టలేక మగ్గం దిక్కు లేస్తుంటె బిడ్డ కండ్లతోని బెదిరించింది. మల్ల కూసున్నడు.

మేడం నాలుగు ఫోటోలు తీసుకోని, "ఐ విల్ ఫోన్" అని పోయింది. ఇంట్ల పండుగే పండుగ. "టీచరమ్మా, అన్నిటికి ఎస్ అన్నది చూసిండ్రా!" అని రేణుక నా చేతులు పట్టుకోని గుంజింది. చూసిన బిడ్డా అన్న. ఏమంట మరి!

పది దినాలు ఫోను రాలే. పదకొండో దినం సావుకారే ఒచ్చిండు, పట్టు సంచి ఆంజనేయులు ముందల పడేసి, "బెంగళూరు ఆర్డరొచ్చిందిర ఆంజనేయులు, జల్ది నెయ్యాలె, నీ వంతు ఆరు చీరలు" అన్నడు. ఎవరి ఆర్డరు? ఆ మేడందే! ఆనాడు పోయేటప్పుడు గల్లీ మలుపు కాడ కారు ఆపి నీళ్ల సీసా కొంటుంటె ఈయన చూసి, "బన్ని అమ్మా, ఊట ఆయ్తా?" అన్నడంట. రండమ్మా, అన్నం తిన్నరా అని. గంతే! ఆమెకు పాణం లేచొచ్చి, "అయ్యో, నిమగె కన్నడ బరుత్తా?" అని, మీకు కన్నడమొస్తదా అనుకుంట దుకాణంల కూసుండి, ఇన్ని చాయలు తాగి, ఇరవై అయిదు చీరలకు మాటిచ్చి పోయిందంట. సావుకారి ఆరో తరగతి తప్పినోడు. నా బళ్లెనే తప్పిండు.

అంటె ఏమైంది చూడు. ఏ మేడం కోసమైతె పిల్ల మూడు నెలలు మెడలు ఇరుగ చదివిందో, ఆ మేడం చీరలే, అదే మగ్గం మీద, అదే నాయన, అదే కూలికి, సావుకారి పేరు మీద నెయ్యాలె.

ఆ సాయంత్రం పోయి రేణుకకు చెప్పిన. కారు దిగంగనే కన్నడం మాట్లాడింది బిడ్డా అని.

"మీకు అప్పుడే తెల్సా టీచరమ్మా?"

"తెల్సు."

"మరెందుకు చెప్పలే?"

"నీ పాఠం ఇనాల్ననుకున్న."

పిల్ల లోపలికి పోయి మగ్గం మీద కూసున్నది. ఎనిమిది దినాలు నా గడప తొక్కలే. ముప్పై రెండేండ్లల్ల ఎంతమంది పిల్లలు నా మీద అలిగిండ్రో, ఒక్కనాడు నిద్ర పాడుచేసుకోలే. ఈ ఎనిమిది దినాలు మాత్రం అన్నం సయించలే. ఎందుకంటె ఈసారి తప్పు దిద్దాల్సింది పిల్లల కాయితం గాదు, నాది.

చీరలు పోయినయి. నెలైంది. ఒకనాడు పగటీలి రేణుక ఉరుక్కుంట ఒచ్చింది, చేతుల ఫోను మోగుతున్నది. మేడంది! జరిగిందేందంటె, ఒక చీర ఎవలో కొనుక్కపోయి వేడినీళ్లల్ల నానబెట్టి ఉతికిండ్రంట. నడుమ నూలు ముడుచుకపోయింది, అంచు పట్టు గట్లనే ఉంది, చీరంత అప్పడం లెక్క వంకర తిరిగింది. మేడం సావుకారినడిగింది. ఆయనకు అన్నం తిన్నరా అని అడుగుడు ఒస్తది గని, చీర సంగతి ఏం తెల్సు? జన్మల నాడె ముట్టినోడు గాదు. "నేసినోళ్లనే అడుగమ్మా" అని ఆంజనేయులు నంబరిచ్చి తప్పించుకున్నడు. సావుకారి తెలివి గంతవరకే.

"నేను కన్నడంల మాట్లాడాల్నా?" అన్న. నా నోరు దురద పెడ్తనే ఉంటది గద.

"ఒద్దు టీచరమ్మా. మీరు కూసోండి. నేనే మాట్లాడ్త. రాకపోతె రాదంట."

ఫోనెత్తి ఏమన్నదో ఇను. "మేడం, మై ఇంగ్లీష్ స్మాల్. మై కన్నడ స్మాల్. బట్ శారీ, ఐ నో ఫుల్."

అవుతలి నుంచి ఒక్క నవ్వు! ఆమెకు గూడ పెద్ద బరువు దిగినట్లయింది. "మై ఇంగ్లీష్ ఆల్సో స్మాల్!" అన్నది మేడం.

ఇగ చూడాలె. "కాటన్ డ్రింక్స్ వాటర్, మేడం. సిల్క్ నో డ్రింక్. హాట్ వాటర్, కాటన్ గోస్ స్మాల్. ఫస్ట్ టైం కోల్డ్ వాటర్, నో సోప్, నో ట్విస్ట్, షాడో డ్రై." మాట దొరుకని కాడ కన్నడం, అది గూడ దొరుకకపోతె తెలుగు. ఆఖరుకు ఇంటికురికి, ఫోనుల వీడియో పెట్టి మగ్గం మీద కూసోని, నూలు పోగు పట్టు పోగును ఎట్ల పట్టుకోని తిరుగుతదో చేసి చూపించింది. ఆనాడు మేడం వేలు పెట్టి అడిగింది గదే. "యారు నేయ్దిద్దు?" అన్నదామె, ఎవరు నేసిండ్రు అని. "నానే, మేడం. అప్ప ఆల్సో. టూ పీపుల్." నేనే, మా నాయన గూడ అని. ఆనాడు మూగోన్ని జేసి కూసోబెట్టిన ఆంజనేయులును ఫోను ముందలికి గుంజింది. ఆయన కన్నడంల మొదలుబెట్టిండు, ఇగ ఆపలే. పదేండ్ల మాటలాయె.

ఆరు చీరల ఆర్డరు. సీదా. పట్టు వీళ్లదే, పేరు వీళ్లదే. సావుకారి పది దినాలు ఆ గల్లీ దిక్కు రాలే.

అయిపోలేదు, ఆగు. ఇంకో పదిహేను దినాలకు కూరగాయలకని పాత బస్టాండు దిక్కు పోయిన. పెద్ద ఫ్లెక్సీ! రెండంతస్తులంత ఉంది. రేణుక ఫోటో, పక్కకు టై గట్టుకోని సారు, కింద రాసిండ్రు: మా విద్యార్థిని, అడ్వాన్స్‌డ్ వొకాబులరీతో బెంగళూరు ఆర్డర్ సాధించిన ఘనత! ఆ ఫ్లెక్సీ కింద ఆంజనేయులు నిలబడి తలెత్తి చూస్తుండు.

"టీచరమ్మా, ఫోటో మంచిగొచ్చింది గదా" అన్నడు.

నా నోట్లె ఎన్ని మాటలొచ్చినయో, తెలుగుల, ఇంగ్లీషుల, కన్నడంల! అన్నీ మింగిన. ఆయన బిడ్డ ముఖం అంత పెద్దగ ఊరు మొత్తం చూస్తున్నది. నేనెందుకు దించాలె? "మంచిగొచ్చిందయ్యా" అన్న. పిల్ల మాత్రం ఊకోలే. తెల్లారి పోయి సారును అడిగిందంట, "సార్, పోగుకు ఇంగ్లీషుల ఏమంటరు?" అని. సారు టై సర్దుకోని, "అది బేసిక్ కోర్సుల ఒస్తదమ్మా, మనది అడ్వాన్స్‌డ్" అన్నడంట. ఆ ఫ్లెక్సీ చూసి ఆ నెల నలభై మంది కొత్తోళ్లు చేరిండ్రు. గిదీ మన ఊరు.

నువ్వు చదువు బిడ్డా, ఒద్దనను. పెద్ద మాటలు గూడ నేర్చుకో, పరీక్షల అడిగెటోళ్లు అడుగుతరు, ఎవడి పిచ్చి ఎవడు కాదంటడు. కూసో, ఎక్కడికి, ఇంత మజ్జిగ తాగిపో. తలకాయ ఇటు పెట్టు, చెయ్యి పెట్టనీ. సల్లంగుండు తల్లీ. నీకు వెయ్యి మాటలు రానీ. వాటెంబడి, నాకు అర్థం గాలే అనే మాట గూడ, ఎవ్వరి ముందలైనా సరే, సిగ్గు లేకుండ రానీ...